మోడల్ రైలింజన్‌ని ఎలా పరీక్షించాలి, రివ్యూలో ఏం రాయాలి

కొత్తగా కొన్న హెచ్‌ఓ స్కేల్ (అసలుకు 87వ వంతు) డబ్ల్యుడిఎం-2 డీజిల్ ఇంజన్ మోడల్ మీద తెలుగులో రివ్యూ చేయాలనుకుంటున్నానని రాశారు. ఏమేం పరీక్షించాలి, అందుకు ఖరీదైన పరికరాలు కొనాలా, కంపెనీవాళ్లు ఉచితంగా పంపిన ఇంజన్ మీద రివ్యూ చేస్తే జనం నమ్ముతారా అని అడిగారు. మొదటి ప్రశ్నకే సమాధానం పెద్దది, కాస్త ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు వస్తున్న రివ్యూల్లో ఎక్కువ భాగం అట్టపెట్టె తెరవడానికి, రంగు, అక్షరాలు, రివెట్లు చూపించడానికే సరిపోతోంది. చివర్లో ఇంజన్ ఒక రౌండ్ తిరుగుతుంది, "చాలా స్మూత్‌గా ఉందండీ" అంటారు, వీడియో అయిపోతుంది. రంగు ఎలా ఉందో ఫొటో చూసి కొనేవాడే తేల్చుకోగలడు. అతనికి ఫొటోలో కనపడనివి వేరే ఉన్నాయి. బండి మెల్లగా కదులుతుందా, ఒక్కసారిగా దూకుతుందా? పట్టాల దారి రెండుగా చీలే పాయింట్ మీద ఆగిపోతుందా? ఎత్తు ఎక్కేటప్పుడు ఎన్ని కోచ్‌లు లాగుతుంది? రెండేళ్ల తర్వాత గేరు పోతే విప్పి మార్చుకోగలడా? వేలకు వేలు పోసి కొనే మనిషికి రివ్యూ ఇవి చెప్పాలి. అది కూడా "బాగా లాగుతుంది" అని కాదు, అంకెల్లో చెప్పాలి. ప్రతి ఇంజన్‌కీ అదే ట్రాక్ మీద, అదే పద్ధతిలో తీసిన అంకెలైతేనే ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి పనికొస్తాయి.

పరీక్షకు పెద్ద లేఅవుట్ అక్కర్లేదు. ప్లైవుడ్ పలక మీద కదలకుండా బిగించిన ట్రాక్ చాలు. స్పిరిట్ లెవెల్ పెట్టి సరిచూసిన తిన్నని ట్రాక్, దాని మీద కచ్చితంగా మీటరు దూరంలో రెండు గుర్తులు ఉండాలి. తయారీదారు చెప్పిన కనీస రేడియస్ కర్వ్ ఒకటి, అంతకంటే కాస్త విశాలమైనది ఇంకొకటి. 438 మి.మీ. రేడియస్ సెట్ ట్రాక్ మన ఇళ్లలో ఎక్కువగా వాడేది కాబట్టి అది తప్పకుండా ఉంచండి. పాయింట్లు రెండు రకాలూ కావాలి, ఫ్రాగ్‌కి (రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్కకి) కరెంటు వచ్చేది ఒకటి, ప్లాస్టిక్ ఫ్రాగ్ ఉన్నది ఒకటి. చివరగా మీటరుకు 2 సెం.మీ. లేచే ఎత్తు, అంటే 2 శాతం గ్రేడియంట్. పరీక్షకు ముందు పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. మీ దగ్గర ఎప్పుడూ పేచీ పెట్టని పాత ఇంజన్ ఏదైనా ఉంటే దాన్ని సాక్షిగా పెట్టుకోండి. కొత్త ఇంజన్ ఎక్కించే ముందు ప్రతిసారీ ఆ సాక్షి ఇంజన్‌ని అదే దారిలో నడపండి. అది కూడా తడబడితే తప్పు ట్రాక్‌ది, లేదా ఆ రోజు పట్టాల మీద పేరుకున్న మురికిది. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల మంచి ఇంజన్లకు చెడ్డ పేరు రావడం చాలాసార్లు చూశాను.

పరికరాల ఖర్చు తక్కువే. సన్నని కొలతలు తీసే డిజిటల్ వెర్నియర్, గ్రాములు చూపించే వంటింటి తూకం, మల్టీమీటర్, స్టాప్‌వాచ్ కోసం మొబైల్, ఎన్‌ఎంఆర్‌ఏ గేజ్. ఎన్‌ఎంఆర్‌ఏ అమెరికాలో 1935లో పుట్టిన మోడల్ రైల్వే సంఘం. ఒక కంపెనీ ఇంజన్ ఇంకో కంపెనీ ట్రాక్ మీద నడవని రోజుల్లో, అందరికీ ఒకే కొలతలు ఉండాలని మొదలుపెట్టారు. వాళ్ల గేజ్ చిన్న లోహపు రేకు, దానితో చక్రాల దూరం, పాయింట్లలో సందు లాంటివి చూసుకోవచ్చు.

ఇంజన్‌ని ట్రాక్ మీద పెట్టకముందే తిరగేసి చక్రాలు చూడండి. ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం హెచ్‌ఓలో సుమారు 14.4 నుంచి 14.6 మి.మీ. మధ్య ఉండాలి. ఈమధ్య ఒక చిన్న తయారీదారు ఇంజన్ నా బల్ల మీదకు వచ్చింది. తిన్నని ట్రాక్ మీద అద్భుతంగా నడిచింది, కర్వ్‌లోనూ ఏ ఇబ్బందీ లేదు, పాయింట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ వెనక చక్రాల బోగీ (ఇరుసులు బిగించిన చట్రం) పట్టా దిగిపోయేది. కొలిస్తే మధ్య ఇరుసు దూరం 14.1 ఉంది. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ బయటికి లాగి సరిచేస్తే మళ్లీ ఒక్కసారి కూడా పడలేదు. ఇలాంటప్పుడు రివ్యూలో రెండూ రాయాలి. పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా నడిచింది అనేది ముందు, సరిచేశాక ఎలా నడిచింది అనేది తర్వాత. బాగుచేసి నడిపి "సూపర్" అని రాస్తే, కొనుక్కున్న కుర్రాడు ఇంట్లో బండి పడిపోతుంటే తప్పు తనదే అనుకుంటాడు.

కొలతల దగ్గర భారతీయ మోడళ్లకు ఒక ప్రత్యేక సమస్య ఉంది. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. వస్తుంది. కానీ దొరికే హెచ్‌ఓ ట్రాక్ 16.5 మి.మీ., అది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్ కోసం చేసింది. అందుకని మన ఇంజన్‌ని ఎదురుగా నిలబడి చూస్తే చక్రాలు లోపలికి పోయినట్టు కనిపిస్తాయి. బ్రిటన్‌వాళ్ల ఓఓ స్కేల్ మోడళ్లకూ ఇదే బాధ, 1:76 బాడీని అదే 16.5 ట్రాక్ మీద నడుపుతారు. ఇది తప్పు అని మార్కులు తీసేయనక్కర్లేదు. బాడీ వెడల్పు, ఎత్తు స్కేల్ ప్రకారమే ఉన్నాయా, లేక గేజ్‌కి తగ్గట్టు సన్నగా చేశారా అనేది మాత్రం కొలిచి చెప్పండి.

డబ్ల్యుడిఎం-2లో నేను మొదట చూసేది చక్రాల బోగీలే. 1962లో అమెరికా ఆల్కో నుంచి వచ్చి, తర్వాత 1964 నుంచి వారణాసి డీజిల్ ఇంజన్ల కర్మాగారం డీఎల్‌డబ్ల్యులో తయారైన ఈ ఇంజన్ బోగీలో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. రెండు దగ్గరగా, మూడోది కాస్త ఎడంగా ఉంటాయి. వేరే దేశపు ఇంజన్ చాసిస్ తెచ్చి మన బాడీ తొడిగితే ముందు దొరికిపోయేది ఇక్కడే, ఇరుసులు సమాన దూరంలో కనిపిస్తాయి. అసలు చక్రం వ్యాసం 1092 మి.మీ., హెచ్‌ఓలో అది 12.5 మి.మీ. చిల్లర. చక్రం అంచు (పట్టా లోపలి వైపు దిగే భాగం) లోతు మోడల్‌లో ఎక్కువ ఉంటుంది కాబట్టి చక్రం అర మిల్లీమీటరు చిన్నగా ఉన్నా పట్టించుకోకండి. 11 మి.మీ. ఉంటే మాత్రం రాయాల్సిందే. రంగు, అక్షరాల సంగతికొస్తే, కాజీపేట, గుత్తి షెడ్ల ఇంజన్లు చూస్తూ పెరిగినవాళ్లు మనలో చాలామంది. బాడీ మీద కేజెడ్‌జే (కాజీపేట) అనో జీవై (గుత్తి) అనో షెడ్ పేరు ఉంటే, ఆ రంగుల పథకం ఆ షెడ్‌లో నిజంగా తిరిగిందా అని పాత ఫొటోతో పోల్చి చూపించండి. రివ్యూలో బాడీ గురించి అంతకంటే ఎక్కువ సమయం ఖర్చు పెట్టొద్దు.

ఇక నడపడం. పెట్టెలోంచి తీయగానే ఒకసారి అతి తక్కువ వేగంలో నడిపి వీడియో తీసుకోండి. తర్వాత కోచ్‌లు ఏమీ తగిలించకుండా, మధ్యస్థ వేగంలో ముందుకు అరగంట, వెనక్కి అరగంట తిప్పండి. గ్రీజు గేర్లన్నిటికీ పాకుతుంది, మోటార్ బ్రష్‌లు కుదురుకుంటాయి. మళ్లీ అదే నెమ్మది వేగం పరీక్ష చేసి, మొదటిదాని పక్కన పెట్టి చూపించండి. ఈ గంటలో చెవి కూడా పని చేయాలి. ఒకే లయలో టిక్ టిక్ మంటుంటే గేరు పన్నులో చెత్త ఉండొచ్చు, లేదా గేరు పగిలి ఉండొచ్చు. మోటార్ పైన బాడీ మీద వేలు పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, వేలు పెట్టలేనంత వేడెక్కితే ఆపేయండి.

వేగం కొలవడం చాలా సులువు. హెచ్‌ఓలో మీటరు దూరం అంటే అసలు లోకంలో 87 మీటర్లు. కాబట్టి 313ని, మీటరు దాటడానికి పట్టిన సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వచ్చేస్తుంది. 10 సెకన్లు పడితే 31 కి.మీ., 3.1 సెకన్లు పడితే 100 కి.మీ. వేగం ఎక్కువైతే చేతి స్టాప్‌వాచ్ నమ్మొద్దు, మొబైల్‌లో స్లో మోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టండి. డబ్ల్యుడిఎం-2 అసలు గరిష్ఠ వేగం 120 కి.మీ., అంటే మీటరు 2.6 సెకన్లలో దాటాలి. 12 వోల్టుల దగ్గర మీ మోడల్ 250 కి.మీ. వేగంతో పోతుంటే అది గొప్ప కాదు. కంట్రోలర్ నాబ్‌లో సగం తిప్పుడు వృథా అయినట్టే, నెమ్మదిగా నడపడానికి మిగిలేది ఆ కాస్త చోటే.

నా లెక్కలో ఇంజన్ నాణ్యత తేలేది కింది వేగంలోనే. ఏ వోల్టు దగ్గర కదలడం మొదలైంది, కదిలాక ఎంత తక్కువకు తగ్గించినా ఆగకుండా నడుస్తోంది అని రెండు అంకెలు రాయండి. మీటరు దూరం దాటడానికి నిమిషంన్నర పైన పడుతూ, ఎక్కడా కుదుపు లేకుండా నడిస్తే అది మంచి ఇంజన్. అంటే గంటకు 3 కి.మీ. చిల్లర, యార్డులో కోచ్‌కి తగిలేటప్పుడు ఉండాల్సిన వేగం అది. డీసీసీ (పట్టాల ద్వారా ఇంజన్‌కి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) డికోడర్, అంటే ఆ ఆదేశాలు చదివే చిప్, సౌండ్ ఉన్న ఇంజన్లను మామూలు డీసీ మీద నడిపి "ఆలస్యంగా కదులుతోంది" అని రాయొద్దు. డికోడర్ మేలుకోవడానికే కొన్ని వోల్టులు పోతాయి. వాటిని డీసీసీలోనే పరీక్షించండి. ముందు ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి రీసెట్ చేయండి, చాలా డికోడర్లలో సీవీ (డికోడర్ సెట్టింగ్) 8లో 8 రాస్తే అయిపోతుంది. వేగం కొలిచేటప్పుడు సీవీ 3, సీవీ 4 సున్నా చేయండి, లేకపోతే మీరు కొలిచేది మోటార్‌ని కాదు, డికోడర్‌లో పెట్టిన ఆలస్యాన్ని. వేగానికి ఉండే 128 స్టెప్పుల్లో మొదటి స్టెప్పు దగ్గర కదిలిందా లేదా అనేది తప్పకుండా చెప్పండి.

ఇంజన్ నెమ్మదిగా నడవాలంటే మోటార్ ఒక్కటే బాగుంటే చాలదు, పట్టాల నుంచి కరెంటు తెగకుండా అందాలి. ఎన్ని చక్రాలు కరెంటు తీసుకుంటున్నాయో మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ చూడండి. డబ్బాలో ఉన్న కాగితం పన్నెండు చక్రాలూ అని చెప్పినా, రబ్బరు టైరు వేసిన చక్రం నుంచి కరెంటు రాదు. ఇందుకు నేను వాడే పద్ధతి ఒకటి చెబుతాను. ఒక పట్టా మీద సెంటీమీటరు పొడవు టేపు ముక్క అతికించి, ఇంజన్‌ని దాని మీదుగా అతి నెమ్మదిగా నడపండి. దాటితే రెండు సెంటీమీటర్లు, తర్వాత మూడు. ఎక్కడ ఆగిందో, ఎక్కడ లైటు మిణుకుమందో రాసుకోండి. రెండో పట్టా మీద కూడా ఇలాగే చేయండి, ఒక వైపు పికప్ (చక్రం నుంచి కరెంటు తీసుకునే రేకు) బాగుండి ఇంకో వైపు వదులుగా ఉండటం మామూలే. కరెంటు తెగినా కాసేపు నడిపించే కీప్ అలైవ్ కెపాసిటర్ ఉన్న ఇంజన్ అయితే ఈ పరీక్షలో దాని అసలు సత్తా బయటపడుతుంది. పని అయ్యాక టేపు జిగురు ఆల్కహాల్‌తో తుడవడం మర్చిపోకండి.

కరెంటు ఎంత తీసుకుంటోందో కూడా కొలవండి. ఖాళీగా నడిచేటప్పుడు, లోడుతో నడిచేటప్పుడు, 12 వోల్టుల దగ్గర ఇంజన్‌ని పట్టుకుంటే చక్రాలు జారుతున్నప్పుడు, ఆఖరున చక్రాలను అసలు తిరగనివ్వకుండా ఆపినప్పుడు. చివరిది చక్రాలు పూర్తిగా బిగబట్టి తీసే కొలత, ఒకటి రెండు సెకన్లకు మించి వద్దు, అదీ డికోడర్ లేని ఇంజన్‌కి మాత్రమే. తర్వాత డికోడర్ వేసుకోవాలనుకునేవాళ్లకు ఈ అంకె ప్రాణం. హెచ్‌ఓ డికోడర్లు ఎక్కువగా 1 ఆంపియర్‌కి చేసినవి, మోటార్ అంతకంటే ఎక్కువ లాగితే డికోడర్ కాలిపోవచ్చు.

లాగే బలం దగ్గరికి వద్దాం. అసలు రైల్వేల్లో ఇంజన్ వెనక డైనమోమీటర్ కారు తగిలించి కొలుస్తారు. మనకి ఒక దారం, చిన్న కప్పీ, ఖాళీ కప్పు చాలు. కప్లింగ్‌కి దారం కట్టి, బల్ల అంచున కప్పీ మీదుగా వదిలి, చివర కప్పు వేలాడదీయండి. ఇంజన్‌ని నడుపుతూ కప్పులో కొంచెం కొంచెంగా బోల్టులు, నట్లు వేయండి. చక్రాలు జారడం మొదలైనప్పుడు ఆపి, కప్పుని తూకం మీద పెట్టండి. అంతే, అదే లాగే బలం. ఇంజన్‌ని కూడా తూయండి. లోహపు చక్రాలైతే ఇంజన్ బరువులో 20 నుంచి 25 శాతం దాకా రావాలి. చాలా తక్కువ వస్తే ఒక బోగీకి మాత్రమే గేర్లు ఉన్నాయేమో చూడండి, చౌక ఇంజన్లలో అలా ఉంటుంది. రబ్బరు టైర్లు ఉంటే ఎక్కువే వస్తుంది, ఆ సంగతి అంకె పక్కనే రాయండి.

గ్రాములు చెబితే మామూలు చదువరికి అర్థం కాదు, కోచ్‌లలోకి మార్చి చెప్పాలి. ఐసీఎఫ్ (చెన్నై కోచ్ కర్మాగారం) కోచ్ పొడవు 21.3 మీటర్లు, హెచ్‌ఓలో 24.5 సెం.మీ. ఎన్‌ఎంఆర్‌ఏ సిఫార్సు ప్రకారం దాని బరువు సుమారు 165 గ్రాములు ఉండాలి. మీ కోచ్‌ని మీటరు ట్రాక్ మీద పెట్టి ట్రాక్‌ని ఒక చివర మెల్లగా పైకెత్తండి. 2 సెం.మీ. లేపగానే దానంతటదే కదిలితే రాపిడి 2 శాతం, అంటే కోచ్‌కి 3.3 గ్రాములు. ఇంజన్ 400 గ్రాములు, బలం 90 గ్రాములు అనుకుందాం. సమతలం మీద 27 కోచ్‌లు లాగాలి. అదే 2 శాతం ఎత్తు మీద ఇంజన్ తనను తాను ఎక్కించుకోవడానికే 8 గ్రాములు పోతాయి, ఒక్కో కోచ్‌కి 6.6 గ్రాములు కావాలి. మిగిలిన 82కి 12 కోచ్‌లే వస్తాయి. కర్వ్‌లో ఇంకా తగ్గుతుంది. 24 కోచ్‌ల రైలు ఇంట్లో దాదాపు 6 మీటర్లు ఉంటుంది కాబట్టి అంత పెద్దది నడిపేవాళ్లు తక్కువే, కానీ మేడ మీది గదిలో ఎత్తు పల్లాలతో లేఅవుట్ కట్టుకున్నవాడికి ఆ 12 అనే అంకె చాలా విలువైనది. లెక్క వేసి ఊరుకోకుండా నిజంగా తగిలించి ఎక్కించి చూపించండి.

కర్వ్‌లు, పాయింట్ల మీద రెండు దిశల్లోనూ నడపండి. లాగడం ఒక్కటే కాదు, కోచ్‌లను వెనక్కి నెట్టించండి. రెండు పాయింట్లు పక్కపక్కన వచ్చే ఎస్ ఆకారపు మలుపులో బఫర్లు ఒకదానికొకటి చిక్కుకుంటాయేమో చూడండి. ఎత్తు మొదలయ్యే చోట ముందున్న క్యాటిల్ గార్డ్ (పశువులను పక్కకు నెట్టే రేకు) పట్టాకి తగలడం మన డీజిల్ మోడళ్లలో తరచూ వచ్చే సమస్య. చెవికి వినపడని చిన్న రాపిడి అయినా కింద అంచున రంగు పోయి మెరుస్తుంది, పరీక్షలయ్యాక భూతద్దంతో చూడండి.

లైట్లు రెండు మాటల్లో ముగించండి. సౌండ్ ఉంటే మాత్రం మొబైల్‌ని ప్రతిసారీ ఒకే దూరంలో పెట్టి రికార్డు చేయండి. 16 సిలిండర్ల ఆల్కో చప్పుడు విన్నవాడికి అందులో వేరే ఇంజన్ సౌండ్ ఫైలు వేస్తే క్షణంలో తెలిసిపోతుంది, మీ రివ్యూలో అది ఆల్కోనా కాదా అని సూటిగా చెప్పండి.

ఆ తర్వాత బాడీ విప్పాలి. విప్పకుండా చేసిన రివ్యూని నేను పూర్తి రివ్యూగా లెక్కించను. స్క్రూలా, క్లిప్పులా, విప్పేటప్పుడు రెయిలింగ్‌లు విరిగే ప్రమాదం ఉందా, గేర్లు దేనితో చేసినవి, గ్రీజు తక్కువా మరీ ఎక్కువా, డికోడర్ సాకెట్ ఏ రకం, మోటార్ విడిగా దొరుకుతుందా, ఇవన్నీ చూపించండి. విడిభాగాలు ఇస్తారా అని తయారీదారుని అడిగి, వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు రాయండి. కొన్ని లోపాలు ఒక్కరోజు పరీక్షలో దొరకవు. జింకు మిశ్రమంలో సీసం లాంటివి కలిస్తే చాసిస్ ఏళ్ల తర్వాత ఉబ్బి, పగిలి, పొడి అవుతుంది. అందుకే ఏడాదికోసారి పాత రివ్యూకి నాలుగు మాటలు కలపండి. ఇంజన్ ఇంకా నడుస్తోందా, ఏం మార్చాల్సి వచ్చింది అని.

నక్షత్రాలు, పదికి ఎనిమిది లాంటి మార్కులు వద్దని నా సలహా. ఎత్తు లేని చిన్న షంటింగ్ లేఅవుట్ ఉన్నవాడికి నెమ్మది వేగం ముఖ్యం, పొడుగు రైళ్లు నడిపేవాడికి బలం ముఖ్యం. ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో రాస్తే చాలు. మీరు చూసింది ఒకే ఒక్క ఇంజన్ అని కూడా గుర్తు చేయండి. పెద్ద లోపం కనిపిస్తే తయారీదారుకి చెప్పి రెండో పీసు అడగండి. అది బాగున్నా సరే, మొదటిదాని సంగతి దాచొద్దు.

మీ మూడో ప్రశ్న. కంపెనీ పంపిన ఇంజన్ మీద రివ్యూ చేయొచ్చు, కానీ ఎవరిచ్చారు, తిరిగి ఇచ్చేశారా ఉంచుకున్నారా అనేది మొదటి నిమిషంలోనే చెప్పాలి. అది అమ్మకానికి వచ్చే పీసా, ముందుగా చేసిన నమూనానా అనేదీ చెప్పాలి. ఏరి పంపినది ఎప్పుడూ బాగానే నడుస్తుంది, అందుకే వీలైతే షాపులో అందరిలాగే కొన్నదాన్నే పరీక్షించండి. ముందే వీడియో చూపించి ఆమోదం తీసుకోవాలని షరతు పెట్టేవాళ్ల ఇంజన్ తీసుకోకండి.

మీ డబ్ల్యుడిఎం-2 మీద మొదట మూడు కొలతలు తీసి ఇక్కడ పెట్టండి: ఒక్కో ఇరుసు మీద చక్రాల లోపలి దూరం, 12 వోల్టుల దగ్గర మీటరుకు పట్టిన సెకన్లు, కప్పు బరువు. చక్రాల దూరంలో తేడా కనిపిస్తే మాత్రం మిగతా పరీక్షలకు వెళ్లకుండా ఆగండి, సరిచేసే పద్ధతి వివరంగా చెబుతాను.